గుండు దారానికో దండం

అమెరికాలో రైఫిల్‌కు స్కోపు (గురిచూసే దుర్భిణి) బిగించే పనిని చాలామంది ఇంట్లోనే చేసుకుంటారు. అందుకు ఖరీదైన పరికరాలు అంగళ్లలో దొరుకుతాయి. అయినా ఇంట్లో ఉన్న సరంజామాతోనే వెంట్రుకవాసి తేడా పట్టేసే వాళ్లంటే నాకు ముచ్చట.

ముందు తూటాలు లేవని రెండుసార్లు చూసుకుంటారు. రైఫిల్‌ను బల్లమీద రసమట్టంతో సమంగా నిలుపుతారు. వెనక గోడమీద దారానికి ఓ బరువు కట్టి వేలాడదీస్తారు. మన తాపీమేస్త్రీ గుండు లాంటిదే. గది చీకటి చేసి, స్కోపు ముందు అద్దంలోకి టార్చి వేస్తే లోపలి గీతల నీడ ఆ గోడమీద పడుతుంది. నిలువుగీత దారంతో కలిసేదాకా స్కోపును మెల్లగా తిప్పుతారు. కొందరు స్కోపు కింది చదునుకీ, రైఫిల్ మీది పట్టాకీ మధ్య పేకముక్కలు ఒక్కొక్కటే దూర్చి మట్టం తెస్తారు. ఆపైన మరలన్నీ వంతులవారీగా, కొంచెం కొంచెంగా బిగిస్తారు.

చాదస్తమా? కాదు. స్కోపు 1 డిగ్రీ ఒరిగితే, దూరపు గురికోసం పైకి సర్దిన ప్రతి 100 అంగుళాలకూ తూటా సుమారు 1.75 అంగుళాలు పక్కకు పోతుంది.

ఎంత డబ్బు పోసి కొన్న పరికరమైనా, వేలాడే దారం కన్నా నిటారుగా ఉండదు.