చూడని నదికి పాట కట్టినవాళ్లు

ముందుగా ఆ గొంతుకు ఒక దండం. పొగచూరిన గొంతు, గరుకు గొంతు, కోపంలోనూ శ్రుతి తప్పని గొంతు. అది వినగానే మిసిసిపీ నది మలుపులో పడవ చక్రం తిరుగుతుంది, నాచు పట్టిన మడుగులో కప్పలు అరుస్తాయి, లూసియానా చిత్తడి నేలల మీద పొగమంచు దిగుతుంది. ఆ గొంతు మాత్రం అక్కడిది కాదు. అక్కడ పుట్టలేదు, అక్కడ పెరగలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు గట్టున, బర్క్‌లీకి దగ్గర్లో ఎల్ సెరిటో అని చిన్న ఊరు. మీ ఊరు. 1959లో ఒకే బడిలో చదివే ముగ్గురు పిల్లలు మీరు: ఆ గొంతుకు సొంతదారైన, గిటార్ పట్టిన జాన్ ఫోగర్టీ, పియానో ముందు స్టూ కుక్, డ్రమ్ముల వెనక డగ్ క్లిఫర్డ్. తర్వాత జాన్ అన్న టామ్ వచ్చి కలిశాడు. రాత్రిపూట రేడియోలో దక్షిణాది నల్లజాతి గాయకుల పాటలు వింటూ మీరు పాట నేర్చుకున్నారు. ఆ గొంతుల వెంట వాళ్ల నది కూడా మీ ఇంట్లోకి పారింది.

1964లో ఫాంటసీ రికార్డ్స్ మిమ్మల్ని చేర్చుకుని 'గాలీవాగ్స్' అని పేరు తగిలించింది. నల్లవాళ్లను వెక్కిరించే గుడ్డబొమ్మ పేరది. నల్లవాళ్ల పాటను గుండెకు హత్తుకున్న పిల్లల నెత్తిన ఆ పేరు రుద్దడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మూడేళ్లకు పైగా మోశారు. 1968లో దాన్ని వదిలించుకున్నారు: క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్. మొదటి మాట టామ్ స్నేహితుడికి తెలిసిన ఒక మనిషి పేరు నుంచి, రెండోది బీరు ప్రకటనలోని తేటనీటి మాట నుంచి, మూడోది మీ సొంత కోరిక నుంచి. మళ్లీ పుట్టాలన్న కోరిక.

అప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో నిండా రంగుల పొగ. ఒక్కో పాట అరగంట సాగుతోంది, గిటార్లు దారి మరిచి తిరుగుతున్నాయి. మీరు డగ్ ఇంటి వెనక పెరటి షెడ్డులో కూర్చున్నారు. ఉద్యోగానికి వెళ్లినట్టు రోజూ వెళ్లి సాధన చేశారు. ఆ చోటుకు 'కాస్మోస్ ఫ్యాక్టరీ' అని పేరు పెట్టుకున్నారు. కార్ఖానాయే మరి! అందులోంచి రెండున్నర నిమిషాల పాటలు వచ్చాయి, చెక్కిన నాగలి కర్రల్లా, ఎక్కడా పెచ్చు లేకుండా. 1969 ఒక్క ఏడాదిలో మూడు ఆల్బములు. ఈ లెక్క రాస్తుంటే నాకు ఇప్పుడూ ఒళ్లు జలదరిస్తుంది.

'ప్రౌడ్ మేరీ' పుట్టుక చెప్పుకోవాలి. వియత్నాం యుద్ధకాలమది. జాన్ సైన్యపు రిజర్వు దళంలో, డగ్ తీర రక్షక రిజర్వులో ఉన్నారు. ఒకనాడు జాన్ ఇంటి మెట్ల మీద ఒక కవరు కనబడింది. విప్పితే విడుదల కాగితం. ఇంట్లోకి పరుగెత్తి గిటార్ అందుకున్నాడు. చెర వీడిన మనిషి సంతోషం ఒక పడవై కదిలింది. రెండేళ్లు గడిచాక ఐక్, టీనా టర్నర్ అదే పడవను మంటల రథం చేసి పరుగెత్తించారు.

'గ్రీన్ రివర్' విన్నవాళ్లంతా లూసియానాను తలుచుకుంటారు. ఆ నీళ్లు కాలిఫోర్నియావే. వింటర్స్ అనే ఊరి దగ్గర పుటా క్రీక్ అనే వాగు, చిన్నప్పుడు జాన్ సెలవులు గడిపిన చోటు. చెట్టుకు వేలాడే తాడు, తూనీగలు, బండకప్పలు. పేరేమో మందుల షాపులో అమ్మే సోడా షర్బత్తుది. ఒక వాగు, ఒక సీసా, ఒక పిల్లవాడి జ్ఞాపకం: ఇంతే సరుకు. ఇంతతో ఏరు పారించారు. పసితనంలో ఈదిన వాగు కంటే పెద్ద నది ఏ దేశపటంలోనూ లేదని నేను నమ్ముతాను.

ఇక 'ఫార్చునేట్ సన్'. 1968 చివర్లో మాజీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మనవడికి, కాబోయే అధ్యక్షుడు నిక్సన్ కూతురికి పెళ్లయింది. పెద్దల బిడ్డలకు పెళ్లి బాజా, పేదల బిడ్డలకు పిలుపు కాగితం. ఆ మంట జాన్‌లో రాజుకుని ఇరవై నిమిషాల్లో పాటయింది. యుద్ధానికి వెళ్లినవాణ్ణి అందులో ఒక్క మాటా అనలేదు. పంపినవాణ్ణి నిలదీశాడు. అందుకే వెళ్లొచ్చినవాళ్లు కూడా దాన్ని తమ పాట అనుకున్నారు.

1969 ఆగస్టు, వుడ్‌స్టాక్ సంగీతోత్సవం. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం వాయించి దిగేసరికి అర్ధరాత్రి దాటింది. మీ వంతు వచ్చేసరికి వానలో నానిన లక్షల జనం బురదలోనే నిద్రపోతున్నారు. ఎక్కడో దూరాన చీకట్లో ఒక్కడు లైటర్ వెలిగించి, మేం వింటున్నాం, దిగులుపడకు అని కేకేశాడట. మిగిలిన కచేరీ అంతా ఆ ఒక్కడి కోసమే వాయించానని జాన్ చెప్పుకున్నాడు. ఆ లైటర్ వెలుగుకు కూడా ఒక దండం.

అమెరికా పాటల పట్టికలో మీ రికార్డులు ఐదుసార్లు రెండో మెట్టు ఎక్కాయి. మొదటి మెట్టు ఒక్కసారీ అందలేదు. అందకపోతే పోయింది. ఆ వారాల్లో మొదటి మెట్టు మీద ఏముందో ఇవాళ వెతుక్కోవాలి. మీ పాటను వెతుక్కోనక్కర్లేదు.

ఇల్లు లోపలి నుంచి చీలింది. పాట రాసేది జాన్, పాడేది జాన్, నిర్ణయించేదీ జాన్. తమ్ముడి నీడలో నిలబడలేక 1971లో టామ్ వెళ్లిపోయాడు. 1972లో మిగతా ముగ్గురూ విడిపోయారు. తప్పు ఎవరిదని అడిగితే జాన్ మొండితనానికీ వాటా ఉందంటాను. ప్రేమించినవాళ్ల తప్పు దాచకూడదు.

ఇక్కడి నుంచి ఒంటరివి నువ్వు, జాన్. కుర్రతనంలో సంతకం చేసిన ఒప్పందం నిన్ను కట్టేసింది. బయటపడటానికి నీ పాటల మీద వచ్చే రాబడిని వదులుకున్నావు. కోపంతో ఆ పాటలను పాడటమే మానేశావు. ఆపైన విచిత్రం: నువ్వు చేసిన కొత్త పాట నీ పాత పాటలాగే ఉందని, ఆ పాత పాట హక్కు తమదని 1985లో ఫాంటసీ కంపెనీ కోర్టుకెక్కింది. మనిషి తన గొంతునే దొంగిలించాడట! 1988లో సాక్షి బోనులో గిటార్ పట్టుకుని, పాట ఎలా పుడుతుందో జ్యూరీకి వాయించి చూపావు. గెలిచావు.

అంతకు ఏడాది ముందే మౌనం వీడావు. లాస్ ఏంజిలిస్ క్లబ్బులో బాబ్ డిలాన్ నిన్ను కదిలించాడు. నువ్వు పాడకపోతే 'ప్రౌడ్ మేరీ' టీనా టర్నర్ పాటే అనుకుంటారని చురక వేశాడు. ఆ జులై 4న వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం జరిగిన సభలో నీ పాత పాటలు మళ్లీ పాడావు. ఏళ్ల తరబడి గట్టు కింద ఆగిన నీళ్లు అలా వదిలావు.

అన్న బతికున్నన్నాళ్లు మీ మధ్య గాయం మానలేదు. టామ్ 1990లో పోయాడు, 48 ఏళ్లకు. నడుం ఆపరేషన్‌లో ఎక్కించిన నెత్తురు ఎయిడ్స్ తెచ్చింది.

2023 జనవరిలో, ఆ పాటల ప్రచురణ హక్కుల్లో పెద్ద వాటాను నువ్వు తిరిగి కొనుక్కున్నావు, సొంత పాటలకు సొంత డబ్బు కట్టి. అప్పటికి నీకు 77 ఏళ్లు.