భీం సినిమాకు ముందుమాట ఎవరిది?

సినిమాను అమ్మడమంటే పోస్టర్లు అంటించడం ఒక్కటే కాదు. ప్రేక్షకుడు హాల్లో కూర్చోకముందే అది ఎలాంటి సినిమానో అతని చెవిన వేయడం. ఆ మాట ఎవరు చెబితే వాళ్ల కళ్లతోనే అతను తెరను చూస్తాడు. 'ఆర్‌ఆర్‌ఆర్' కథ ఇందుకు మంచి ఉదాహరణ.

2022 మార్చి 25న విడుదలైన ఆ సినిమా అమెరికాలో మొదటి ఆట ముగిశాక, జూన్ 1న మళ్లీ హాళ్లకు వచ్చింది. వేరియన్స్ ఫిల్మ్స్ అనే పంపిణీ సంస్థ సుమారు వంద థియేటర్లలో ఒక్క రాత్రి ప్రదర్శనగా దాన్ని ప్రకటించింది. అప్పటికే ఓటీటీలో ఉన్న సినిమాకు మళ్లీ టికెట్టు కొనిపించాలి. అందుకే కథను కాక, పదిమందితో కలిసి చూసే సంబరాన్ని అమ్మారు. తెలుగు మాటలతోనే, కింద ఇంగ్లీషు అక్షరాలతో వేశారు. జనం ఈలలు వేశారు, తెర ముందుకెళ్లి ఆడారు. ఆ నోటా ఈ నోటా పాకి, ఒక్క రాత్రి అన్నది నెలల తరబడి సాగింది. యజమానులే నడుపుకునే ఇండిపెండెంట్ థియేటర్లకు ఇలాంటి పని సులువు. ఏ సినిమా వేయాలో, ఆటకు ముందు ఏం మాట్లాడాలో అక్కడే తేల్చుకోవచ్చు.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఉంది, అడగాల్సిందీ ఉంది. ఆ సంబరంలో భీం ఒక కల్పిత వీరుడు. పులితో తలపడే బలశాలి, నాటు పాటకు ఆడే స్నేహితుడు. కల్పితమని సినిమా వాళ్లే చెప్పారు కాబట్టి చరిత్ర పుస్తకంలా లేదని తప్పుపట్టను. కానీ ఇక్కడ ప్రచారానికి మాత్రం నిజమైన కుమ్రం భీం కావలసి వచ్చాడు. 2020 అక్టోబర్ 22న, ఆయన జయంతి పేరుతోనే భీం పాత్ర టీజర్ వదిలారు.

ముగింపు చూడండి. ఏం కావాలని రామ్ అడిగితే భీం చదువు కావాలంటాడు. రామ్ జెండా మీద 'జల్ జంగల్ జమీన్' అని రాసి మొదలుపెడతాడు. భీం చంద్రాపూర్‌లో విఠోబా అచ్చుయంత్రం దగ్గర చదవడం, రాయడం నేర్చాడని ఆయన జీవితకథ చెబుతుంది. ఆయన పోరాటపు మాటనే సినిమాలో మరొకరు ఆయనకు రాసి ఇస్తారు. ఈలల మధ్య కూర్చున్న మన పిల్లవాడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఇంకో సినిమా ఉంది. అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమరం భీం'. 1990లో తయారైంది, నంది అవార్డులు అందుకుంది. థియేటర్ల మొహం చూసింది మాత్రం 2010లో. ఇరవై ఏళ్లు! పెద్ద హీరో లేని సినిమాకు హాలు దొరకదు. హాలు దొరకని సినిమాను జనం చూడరు. జనం చూడలేదు కాబట్టి దానికి గిరాకీ లేదంటారు. ఈ చక్రాన్ని వ్యాపారం తనంతట తాను ఆపదు.

ఆపాల్సింది మనమే. మన గూడేల్లో థియేటర్లు లేకపోవచ్చు. ఆశ్రమ పాఠశాలల్లో గోడ ఉంది, ప్రొజెక్టర్ అరువు దొరుకుతుంది, సాయంత్రాలున్నాయి. ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో భీం వర్ధంతి జరుగుతుంది. ఆ వారంలో, హక్కుదారుల అనుమతి తీసుకుని, ఈ రెండు సినిమాలూ ఒకదాని తర్వాత ఒకటి వేయండి. ఊరూరా చాటింపు వేయించండి. ఆటకు ముందు పావుగంట ఒక పెద్దాయనతో గోండీలో 1940 నాటి సంగతులు చెప్పించండి. ఆట అయ్యాక పిల్లల్ని మాట్లాడనివ్వండి. నాటు పాటకు ఆడతామంటే ఆడనివ్వండి, ఆ సంతోషం మనదీ. ఆ తర్వాత జెండా మీద ఎవరు రాశారో అడగండి.