దారంతో కొలిచిన అమెరికా

గుడిబండ, మడకశిర పక్క పెద్దవాళ్ళు అమెరికా ప్రయాణానికి సిద్ధమయ్యేటప్పుడు మొదట అడిగేది ఒక్కటే: "మావోడుండే ఊరు ఎంత దవ్వు నాయనా? ఎన్ని గంటలు కూర్చోవల్ల?" ఫోన్లో కనిపించిన అంకె చదివి వినిపించి ఊరుకోవడం నాకు ఇష్టముండదు. ఆ లెక్క ఎట్లా వచ్చిందో చూపించి చెబితే వాళ్ళ బెరుకు సగం తగ్గుతుంది.

మనకు దగ్గర్లోని పెద్ద విమానాశ్రయం 2008లో దేవనహళ్ళిలో మొదలైన బెంగళూరు విమానాశ్రయం. అక్కడి నుంచి, ఉదాహరణకు, శాన్‌ఫ్రాన్సిస్కోకు సూటి దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. గోడమీది పటం చూస్తే విమానం తూర్పుగా పసిఫిక్ సముద్రం దాటాలనిపిస్తుంది. అందుకే నేను గ్లోబు, దారం పెట్టుకుంటాను. దారం కొసను బెంగళూరు మీద బొటనవేలితో అదిమిపట్టి, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బిగించి లాగితే, అది తూర్పున నిలవదు. పైకి జారి టిబెట్, సైబీరియా, అలాస్కా మీదుగా పోతుంది. గ్లోబు అడ్డుకొలత 30 సెంటీమీటర్లుంటే దారం 33 సెంటీమీటర్లు వస్తుంది. సెంటీమీటరుకు సుమారు 425 కిలోమీటర్లు. గుణించుకోండి, సరిగ్గా ఆ 14,000 దగ్గరికే వస్తుంది. బడి చదువు అంతంతమాత్రమైన అవ్వలు కూడా ఈ దారాన్ని వేలితో తడిమి చూస్తారు.

గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పదిహేనున్నర గంటలు చాలాలి. కానీ విమానం దారం పోయినట్టు పోదు. టిబెట్ పీఠభూమి మరీ ఎత్తు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే మూడు వేల మీటర్లకు దిగాలి, అక్కడ నేలే అంతకన్నా ఎత్తు. పైన పడమర నుంచి తూర్పుకు వీచే గాలులు గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. అమెరికాకు పోయేటప్పుడు అవి వెనక నుంచి తోస్తాయి, వచ్చేటప్పుడు ఎదురు తిరుగుతాయి. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరిన ఎయిరిండియా తొలి నేరు విమానం ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు వచ్చింది. దాన్ని నడిపినవాళ్ళంతా మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం వహించారు, పాపగారి తన్మయి కూడా ఆ జట్టులో ఉన్నారు. దారం చూపే 14,000 కాదు, దాదాపు 16,000 కిలోమీటర్లు ఎగిరారు, పదిహేడు గంటల పైచిలుకు. అంత దూరం చుట్టి క్షేమంగా దించడం గొప్ప విద్య.

గడియారం ఇంకో తికమక. చలికాలంలో అక్కడి సమయం మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. మధ్యాహ్నం రెండింటికి ఎక్కి పదహారు గంటలు ఎగిరితే, అదే రోజు సాయంత్రం నాలుగున్నరకు దిగుతారు. రెండున్నర గంటల్లో చేరిపోయామని కాదు, ఒళ్ళు మాత్రం పదహారు గంటలూ లెక్కపెట్టుకుంటుంది.

ఈ ఎగిరే గంటలకు హిందూపురం, గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా దేవనహళ్ళి దారిని కలపాలి. మూడు గంటల ముందు చేరాలన్న నియమాన్నీ, దిగాక వలస అధికారుల ముందు వరుసలో నిలబడటాన్నీ కలపాలి. నేరు విమానం దొరికినా ఇల్లు విడిచిన ఘడియ నుంచి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. మధ్యలో దిగి విమానం మారితే ఇంకా ఎక్కువ. పెద్దవాళ్ళకు చెప్పాల్సింది ఈ లెక్క. మందుల వేళలు, తిండి, నడుము నొప్పి అన్నీ దీనిమీదే ఆధారపడతాయి.

గుడిబండ, అగళి, రొళ్ళ, అమరాపురం బడుల అయ్యవార్లకు ఒక మనవి. బీరువా మీది గ్లోబును కిందికి దించి, ఒక దారంతో పాటు పిల్లల చేతికి ఇవ్వండి. వాళ్ళే ఇంటికి పోయి అవ్వాతాతలకు చెబుతారు.