ఇరుసు మీద ఇల్లు

కొనబోయే పికప్‌ను నిలబడి చూసేవాళ్లు ఉంటారు, పడుకుని చూసేవాళ్లు ఉంటారు. నెల్లూరులో మా మిత్రుడికి పాత ఇసుజు వీ-క్రాస్ బేరానికి వచ్చినప్పుడు, వెంట తీసుకెళ్లిన మేస్త్రీ రెండో రకం. రంగు చూడలేదు, బానెట్ ఎత్తలేదు. గోనెపట్టా పరుచుకుని వెనకవైపు నుంచి కిందికి దూరాడు. కాసేపటికి అక్కణ్ణుంచే పిలిచాడు: "మీరూ రండి సార్, బండి ఇక్కడుంది."

వెనక తొట్టిలో పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు అమర్చుకుని నెలల తరబడి ఊళ్లు తిరగాలన్నది మా మిత్రుడి కోరిక. అలాంటివాడికి బండి నిజంగా అక్కడే ఉంది. (ఆ బండి పుట్టిల్లు కూడా దగ్గరే. 2016 నుంచి ఇసుజు పికప్‌లు తడ పక్కన శ్రీసిటీలోనే తయారవుతున్నాయి.)

కింద మొదట కనిపించేది ఛాసిస్. నిచ్చెనను పడుకోబెట్టినట్టు ఉంటుంది. ముందునుంచి వెనక దాకా రెండు పొడుగు ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డ దూలాలు. ఇంజను, క్యాబిన్, తొట్టి, ఇరుసులు అన్నీ దీన్నే పట్టుకుని ఉంటాయి. లారీ దూలం ఒకవైపు తెరిచిన 'సీ' ఆకారంలో ఉంటే, ఇలాంటి పికప్‌లలో చాలావాటి దూలం నాలుగు వైపులా మూసిన గొట్టంలా ఉంటుంది. ఆ తేడా చేతికి తెలియాలంటే ఒక అట్ట గొట్టాన్ని మెలిపెట్టి చూడండి, లొంగదు. దానికే నిలువునా ఒక గాటు పెట్టి మళ్లీ తిప్పండి, తడిబట్టలా మెలిక పడుతుంది. అట్ట తగ్గలేదు, గొట్టం తెరుచుకుంది, అంతే. లారీ కావాలనే కొంత మెలిక తిరుగుతుంది, గతుకుల్లో చక్రాలు నేలను వదలకూడదు కాబట్టి. పికప్ అంతకన్నా బిగువు. అయినా బొత్తిగా తిరగకుండా ఉండదు.

అందుకే క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య ఆ సందు. ఒక వెనక చక్రాన్ని గట్టెక్కించి దూరం నుంచి చూస్తే తొట్టి ఒకవైపు ఒరుగుతుంది, రబ్బరు దిమ్మల మీద కూర్చున్న క్యాబిన్ తన మానాన తాను ఉంటుంది. క్యాబిన్ నుంచి పడకగదిలోకి దారి చేసుకునేవాళ్లు రెంటినీ రేకుతో కలిపి బిగిస్తే అతుకులు చీలక మానవు. రైలు పెట్టెల మధ్య ఉండేలాంటి మడతల రబ్బరు తొడుగే అక్కడ పనికొస్తుంది. పాత బండి చరిత్ర చెప్పేదీ ఆ సందే. పైన వెడల్పుగా, కింద సన్నగా కనిపిస్తే వెనక బరువు మోసి మోసి ఛాసిస్ నడుం వంగిందేమోనని అనుమానించాలి. మేస్త్రీ కింద పడుకుని టార్చితో వెతికిందీ దాన్నే. క్యాబిన్ వెనక దూలం మీద ముడత ఉందా, వెల్డింగు మచ్చ ఉందా, ఒకచోట మాత్రమే కొత్త రంగు ఉందా అని. మూడూ లేవు.

తర్వాత ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఉక్కు పట్టీల దొంతరలు, అంటే కమాను కట్టలు. వీటి పనితనం నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. పెద్ద పట్టీ రెండు కొసలూ చుట్టలు చుట్టి ఉంటాయి. ముందు చుట్ట ఛాసిస్‌కు కదలకుండా బిగించినది. వెనక చుట్ట షాకిల్ అనే చిన్న ఊయలకు వేలాడుతుంది, ఎందుకంటే బరువు పడి వంపు తగ్గేకొద్దీ పట్టీ పొడుగు సాగుతుంది, ఆ సాగుడుకు చోటు కావాలి. కింది పట్టీలు ఒకదానికన్నా ఒకటి పొట్టి. ఒకదాన్నొకటి రాసుకుంటూ ఊపును కొంత అవే మింగేస్తాయి. అన్నిటికన్నా అడుగున మందంగా, దాదాపు తిన్నగా ఉండే పట్టీ మామూలప్పుడు పనే చెయ్యదు. బరువు పెరిగి పై పట్టీలు దాని మీద వాలినప్పుడే భుజం కలుపుతుంది. ఖాళీ పికప్ గెంతడానికి, నిండు పికప్ నెమ్మదించడానికి కారణం కట్టల బిగువు నిండు బరువుకు తగ్గట్టు ఉండడమే. ఇల్లు మోసే బండి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది కాబట్టి ఆ నిత్య బరువుకు సరిపడే కట్టలు వేయించుకోవాలి.

కట్టలు కుంగుతున్నాయని కొందరు ఇరుసు మీద గాలి బుడ్లు పెట్టిస్తారు. బండి లేచి నిలబడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కాని కమాను కట్ట బరువును మీటరుకు పైగా ఎడం ఉన్న రెండు చోట్ల దూలానికి అందిస్తుంది. గాలి బుడ్డి సరిగ్గా నడిమిన ఒక్కచోటే పొడుస్తుంది. వెనక వేలాడే బరువు ఒకవైపు కిందికి లాగుతుంటే దూలం ఆ పొడుపు మీద విరుచుకుంటుంది.

ఇక బరువు ఎక్కడ పెట్టాలి? ఎడ్లబండి తోలినవాడికి ఈ పాఠం అక్కర్లేదు. వెనక మొగ్గితే నొగ లేచి ఎద్దు గొంతు బిగుస్తుంది, ముందు మొగ్గితే కాడి మెడ మీద కూర్చుంటుంది. పికప్‌లో ఎద్దుల చోట ముందు చక్రాలున్నాయి. ఇరుసుల మధ్య దూరం సుమారు 3.1 మీటర్లు అనుకుందాం. వెనక ఇరుసుకు మీటరు వెనకగా 100 కిలోలు వేలాడదీస్తే, ఆ ఇరుసు మీద పడేది 100 కాదు, 132. ఆ 32 ముందు చక్రాల మీదనుంచి లేచిపోయిన బరువు. స్టీరింగు, బ్రేకు పట్టు రెండూ ఆ మేరకు తేలికవుతాయి. అదే 100 కిలోలను ఇరుసుకు 60 సెంటీమీటర్లు ముందు పెడితే వెనక 81, ముందు 19.

డబుల్ క్యాబ్ మోజు దగ్గర నేను తటపటాయించేది ఇందుకే. నాలుగు తలుపులు పెడితే తొట్టి కురచై వెనక్కి జరుగుతుంది. పొడుగు సుమారు మీటరున్నర, వెనక తలుపు దించితే తప్ప మనిషి కాళ్లు చాపలేడు. ఇద్దరే తిరిగేవాళ్లకు ఒకటిన్నర క్యాబ్ (ముందు సీట్ల వెనక కొద్దిపాటి చోటు మాత్రం ఉండేది) దొరికే దేశాల్లో అదే మేలు. తొట్టి పొడుగవుతుంది, బరువు ఇరుసు ముందుకు వస్తుంది.

ఎంత బరువన్నది మరో లెక్క. ఆస్ట్రేలియాలో పికప్ మీద ఇల్లు కట్టుకునే ముచ్చట ఎక్కువ. అక్కడ డబుల్ క్యాబ్ టయోటా హైలక్స్‌కు అనుమతించిన మొత్తం బరువు సుమారు 3,050 కిలోలు, ఖాళీ బండి సుమారు 2,100. మిగిలిన 950 చూసి మురిసిపోతాం. పైకప్పు పెట్టె, లోపలి అల్మరాలు, ఇనుప బంపరు, వించ్, గుడారం కలిపితే సగం దాకా పోతుంది. 80 లీటర్ల నీళ్లంటే 80 కిలోలు. మనుషులిద్దరూ అందులోకే వస్తారు, ఆ సంగతి చాలామంది మరిచిపోతారు. 100 యాంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీ 30 కిలోల దగ్గర తూగితే, లిథియం ఐరన్ ఫాస్ఫేటుది 12 దగ్గర ఆగుతుంది. డబ్బు పెట్టాల్సింది ఇలాంటిచోట.

వెనక ఇరుసులోనూ రెండు జాతులున్నాయి. చాలా పికప్‌లలో లోపలి కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది, బరువునూ మోస్తుంది. టయోటా ల్యాండ్ క్రూజర్ 79 లాంటివాటిలో బరువును బయటి గొట్టమే మోస్తుంది, కడ్డీకి తిప్పే పని ఒక్కటే. కడ్డీ విరిగినా చక్రం ఊడి పొలంలోకి దొర్లదు. (అంత ఘనమైన బండికీ ఒక వంక ఉంది. వెనక చక్రాల ఎడం ముందువాటికన్నా సుమారు 9.5 సెంటీమీటర్లు తక్కువ, ఇసుకలో సొంత జాడలోనే నడవలేదు.) ఇరుసు నెత్తిన వేలెడంత గొట్టం ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. వేడెక్కిన ఇరుసు వాగులో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, సీళ్ల సందుల్లోంచి నీళ్లను పీల్చుకుంటుంది. ఆ గొట్టం కొసను వాగు అందని ఎత్తుకు తీసుకెళ్తే నీళ్ల బదులు గాలినే పీలుస్తుంది.

కాగితాల సంగతి ఒక్క మాట. తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదన్నది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. తొట్టి కోసి గది కట్టేముందు ఆర్టీవో ఆఫీసు గడప తొక్కాలి.

బేరం కుదిరిన రోజే బండిని కాటాకు తోలాం. ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒక చీటీ, వెనకవి మాత్రం ఎక్కించి ఒకటి, మొత్తం ఎక్కించి ఇంకొకటి. మేస్త్రీ మూడింటినీ జేబులో పెట్టుకుని, వెనక చక్రం నడిమికి సూటిగా తొట్టి అంచు మీద సుద్దముక్కతో నిలువు గీత గీశాడు. "నీళ్ల ట్యాంకు దీనికి ముందే, నేలకు ఆనించి" అన్నాడు. వానకు చెరిగిపోతుందని మా మిత్రుడు గీత పొడవునా టేపు అంటించాడు.