మురుగునీరు - ప్రభుత్వ బాధ్యత

నదులలో మురుగు కలియకుండ చూచుటకై 1974 లో జలకాలుష్య నివారణ చట్టము వచ్చినది. ఫలిత మెంత? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి 2020-21 లెక్కలు చూడుడు. మన పట్టణములలో దినమునకు పుట్టిన మురుగు 72,368 మిలియన్ లీటర్లు; శుద్ధికేంద్రముల సామర్థ్యము 31,841; నిజముగా శుద్ధియైనది 20,235 మాత్రమే! అనగా కట్టినదానిలో మూడవవంతుకు పైగా నిరుపయోగము.

మురుగులోని సేంద్రియ పదార్థమును సూక్ష్మజీవులు విచ్ఛిన్నము చేయునపుడు నీటిలో కరిగియున్న ప్రాణవాయువు ఖర్చగును. అది తరిగినచో చేపలు బ్రతుకవు. ఈ పనినే, నీరు నదిని చేరకముందే, గాలి నెక్కించి శుద్ధికేంద్రములో జరిపింతురు. కరెంటు లేక మోటార్లు ఆగినచో ఆ కేంద్రము ఉత్త తొట్టియే. శంకుస్థాపనకు దొరకు ధనము కరెంటు బిల్లుకు దొరకకపోవుట విచిత్రము! ధనము లేదను సాకు చెల్లదని 1980 లోనే రత్లాం పురపాలక సంఘపు మురుగుకాల్వల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.