మడత వదిలి కుట్టిన ఒప్పందం

ఎదిగే పిల్లకు పట్టులంగా కుట్టే దర్జీ బట్టను బెత్తెడు లోపలికి మడిచి కుడతాడు. ఏడాదికింత విప్పుకుంటూ పోతే అదే లంగా మూడు నాలుగు పండగలకు వస్తుంది. సింగపూర్ రాసుకున్న ఒప్పందాలు చదువుతుంటే నాకు ఆ మడతే గుర్తొస్తుంది.

ఆ దేశం విస్తీర్ణం సుమారు 735 చదరపు కిలోమీటర్లు. ఎగుమతి దిగుమతులు కలిపితే దేశ స్థూల ఉత్పత్తికి దాదాపు మూడింతలు. అంటే బయటివాళ్లతో బేరం సాగకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. అలాంటి దేశం 2005లో న్యూజిలాండ్, చిలీ, బ్రూనైలతో ఒక వాణిజ్య ఒప్పందం చేసుకుంది. దాన్ని పీ4 అంటారు. నలుగురూ చిన్నవాళ్లే. చిలీ అయితే మహాసముద్రానికి అవతలి గట్టున ఉంది. సుంకాల లెక్కలు చూసినవాళ్లకు అందులో పెద్ద విశేషం కనబడలేదు.

పనితనమంతా చివరి అధ్యాయంలో ఉంది. ఆసియా-పసిఫిక్ ఆర్థిక సహకార వేదిక (ఎపెక్) సభ్యులే కాదు, మరే దేశమైనా సరే, షరతులు కుదిరితే ఇందులో చేరవచ్చునని అక్కడ ఒక్క వాక్యం రాసిపెట్టారు. లోపలికి మడిచిన బెత్తెడు బట్ట అదే. 2008లో అమెరికా చేరతానంది. ఆస్ట్రేలియా, వియత్నాం, తర్వాత జపాన్ వచ్చాయి. 2016 ఫిబ్రవరిలో ఆక్లాండ్‌లో 12 దేశాలు సంతకాలు చేసిన టీపీపీ (ట్రాన్స్ పసిఫిక్ పార్ట్‌నర్‌షిప్) చట్టరీత్యా కొత్త ఒప్పందమే. మొలక మాత్రం పీ4దే.

ఆ కొత్త కుట్టులో ఒకచోట దారం బిగుసుకుంది. కనీసం ఆరు దేశాలు ఆమోదించాలి, పైగా వాటి ఉత్పత్తి మొత్తం 12 దేశాల ఉత్పత్తిలో 85 శాతం కావాలి, అప్పుడే అమలు అన్నారు. అమెరికా ఒక్కటే అందులో సగానికి పైగా ఉంది. 2017 జనవరిలో అది లేచి వెళ్లిపోగానే బట్ట మొత్తం పనికిరాకుండా పోయింది.

మరమ్మతు ఎలా చేశారో దగ్గరగా చూడాలి. జపాన్ ముందు నడిచింది, మిగిలిన 11 దేశాలూ కూర్చున్నాయి. 85 శాతం మాట తీసేశారు. ఆరు దేశాలు, లేదా సంతకం చేసినవాళ్లలో సగం, ఏది తక్కువైతే అది చాలన్నారు. ఇక ఏ పెద్దన్న అలిగినా పెళ్లి ఆగదు. ఎక్కువగా అమెరికా పట్టుబట్టి పెట్టించిన నిబంధనల్లో 22 అంశాలను కొట్టేయలేదు, చించేయలేదు. ‘తాత్కాలికంగా నిలిపివేత’ అని రాసి పక్కన పెట్టారు. మళ్లీ మడతే! 2018 మార్చిలో చిలీ రాజధాని శాంటియాగోలో సంతకాలయ్యాయి, డిసెంబరు 30న ఒప్పందం అమల్లోకి వచ్చింది. సీపీటీపీపీ అని పలకలేని పేరు పెట్టారన్నది ఒక్కటే నా ఫిర్యాదు.

రక్షణలోనూ సింగపూర్‌ది ఇదే చెయ్యి. యుద్ధవిమానం పైకి లేచిన కాసేపటికే పొరుగు దేశపు గగనతలం తగిలే చోట పైలట్లకు శిక్షణ ఎక్కడ? అందుకే కొందరు ఆస్ట్రేలియాలోని పియర్స్‌లో, కొందరు ఫ్రాన్స్‌లోని కాజోలో, కొందరు అమెరికాలోని అరిజోనాలో నేర్చుకుంటారు. పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండా వైమానిక స్థావరంలో మన వాయుసేనతో కలిసి సాధన చేస్తారు. 1994 నుంచి సాగుతున్న ఇరు దేశాల నౌకాదళ విన్యాసాలు ‘సింబెక్స్’, 2024 అక్టోబరులో విశాఖపట్నంలోనే జరిగాయి. ఒక్క గుంజకే తాడు కట్టకపోవడం ఇందులోని నేర్పు. ఒక దేశంతో మాట చెడినా రెక్కలు తెగిపోవు.

బలవంతుడి సంతకం ఉంటేనే ఒప్పందం నిలుస్తుందని మనం అనుకుంటాం. వచ్చేవాడికి చోటు, పోయేవాడికి దారి ముందే ఆలోచించి రాసిందే నిలుస్తుందని ఈ కాగితాలు చెబుతున్నాయి. 2021లో దరఖాస్తు పెట్టుకుని, దాదాపు నాలుగేళ్లు ఆగి, 2024 డిసెంబరు 15న సీపీటీపీపీలో 12వ సభ్యురాలిగా చేరిన దేశం బ్రిటన్. ఒకప్పుడు సింగపూర్‌ను ఏలింది ఆ దేశమే.