రాని రోగి లెక్క

శరణార్థి శిబిరాల్లోని ఆరోగ్య కేంద్రాలకు కంప్యూటర్ రికార్డులు ఎందుకని అడిగితే సాధారణంగా వినిపించే జవాబులు రెండు: పని తొందరగా తెములుతుందని, కాగితం ఖర్చు తగ్గుతుందని. ఇవి అంత గట్టి జవాబులు కావు. బయట బారులు తీరిన జనం, లోపల ఒక్క నర్సు ఉన్న చోట బాల్‌పెన్నుతో రిజిస్టరులో గీకినంత వేగంగా ట్యాబ్‌లో నమోదు చేయడం ఎంత చేయి తిరిగినవారికైనా కష్టమే. అసలు ప్రయోజనం మరోచోట ఉంది. ఓపీ రిజిస్టరు వచ్చినవారి పట్టిక. ఏ తేదీన ఎవరు వచ్చారో, ఏ మందు తీసుకువెళ్లారో అందులో వరుసగా ఉంటుంది గాని, రావలసి ఉండి రానివారెవరో తేల్చాలంటే ఎవరో ఒకరు కూర్చుని నెలల తరబడి పేజీలు వెనక్కి తిప్పి పేరు పేరునా సరిచూడాలి. రద్దీగా ఉండే కేంద్రంలో ఆ తీరిక ఎవరికీ చిక్కదు. బీపీ, షుగరు వంటి జీవితాంతం మందులు వాడవలసిన జబ్బుల్లో ఎక్కువ ప్రమాదంలో ఉండేది మాత్రం ఆ రానివారే.

ఒకే కాలంలో చికిత్సకు చేరిన రోగులందరినీ ఒక జట్టుగా తీసుకుని, ఎవరు చికిత్సలో కొనసాగుతున్నారు, ఎవరు చనిపోయారు, ఎవరు మరో కేంద్రానికి మారారు, ఎవరి ఆచూకీ తెలియడం లేదు అని జట్టులోని ప్రతి ఒక్కరికీ లెక్క చెప్పే పద్ధతిని కోహార్ట్ విశ్లేషణ అంటారు. ఇది కంప్యూటర్ కనిపెట్టిన విద్య కాదు. క్షయ వైద్య నిపుణుడు కారెల్ స్టిబ్లో 1970ల చివర టాంజానియాలో మూడు నెలలకొకసారి రిజిస్టర్ల మీదే ఈ లెక్క తీయించాడు. తరువాత ‘డాట్స్’ పేరుతో మన ఊళ్ల దాకా వచ్చిన క్షయ నివారణ కార్యక్రమానికి వెన్నెముక అదే. అయితే క్షయ చికిత్స కొన్ని నెలల్లో ముగుస్తుంది కనుక ఒక జట్టు లెక్క మూసి మరో జట్టు లెక్క తెరవవచ్చు. షుగరుకు ముగింపు లేదు. పాత జట్లు అలాగే ఉండగా ప్రతి త్రైమాసికానికీ కొత్త జట్టు వచ్చి చేరుతుంది, కొన్నేళ్లు తిరిగేసరికి కాగితం చేతులెత్తేస్తుంది.

పాలస్తీనా శరణార్థుల కోసం 1950 నుంచి పనిచేస్తున్న ఐక్యరాజ్యసమితి సంస్థ అన్‌రా, జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లోని నుజా ఆరోగ్య కేంద్రంలో 2009లో ఈ-హెల్త్ అనే రికార్డుల వ్యవస్థను ప్రవేశపెట్టి, క్షయ నుంచి నేర్చిన ఆ లెక్కను షుగరుకు, బీపీకి వర్తింపజేసింది. 2012 మార్చి 31 నాటికి అక్కడ నమోదైన షుగరు రోగులు 2851 మంది కాగా, వారిలో 70 శాతం చికిత్సలో కొనసాగుతున్నారని, 18 శాతం గడిచిన మూడు నెలల్లో ఒక్కసారి కూడా కేంద్రానికి రాలేదని, మిగిలినవారు మరణించడమో, వేరే చోటికి మారడమో, పూర్తిగా ఆచూకీ తప్పడమో జరిగిందని తేలింది. ఆ 18 శాతాన్ని వైఫల్యంగా చదవడం తేలిక. అయిదు వందలకు పైబడిన ఆ మనుషులు అంతకుముందు ఏ లెక్కలోనూ లేరు, ఇప్పుడు పేర్లతో సహా ఒక జాబితాలో ఉన్నారు అని చదవడమే న్యాయం. కాకపోతే జాబితా దానంతటదే వెళ్లి తలుపు తట్టదు. ఫోను చేసే మనిషినీ, ఇంటికి వెళ్లే ఆరోగ్య కార్యకర్తనూ నియమించకుండా సర్వర్లకు మాత్రమే డబ్బు మంజూరు చేసే దాతల ధోరణి వల్ల ఇటువంటి జాబితాలు చాలాచోట్ల తెర మీదే ఉండిపోతాయి.

ఇంత లెక్కా ఒక మనిషికి ఒకే రికార్డు ఉంటుందన్న నమ్మకం మీద నడుస్తుంది. ఆ నమ్మకం సడలేది నమోదు బల్ల దగ్గరే. పుట్టిన తేదీ తెలియని శరణార్థులకు జనవరి 1 అని రాయడం ప్రపంచమంతటా ఉన్న అలవాటు, కనుక పుట్టిన తేదీతో వెతికితే ఒకే రోజు పుట్టినవారు వందల్లో కనబడతారు. మొహమ్మద్ అన్న ఒక్క పేరునే రోమన్ లిపిలో ఒక్కో గుమాస్తా ఒక్కో రకంగా రాస్తాడు. మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాలకు సాధారణంగా ఇంటిపేర్లు ఉండవు. స్త్రీలలో బేగం, ఖాతూన్ అన్నవి ఎంతమందికి ఉంటాయో చెప్పలేము. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువారికి పాస్‌పోర్టు దరఖాస్తులోని రెండు గడుల ముందు కలిగే తికమక గుర్తు చేసుకుంటే, అసలు ఇంటిపేరే లేనివారి పాట్లు ఊహించవచ్చు. తప్పనిసరి అని ఎర్ర చుక్క పెట్టిన గడిని ఖాళీగా వదిలితే తెర ముందుకు కదలదు కాబట్టి, నమోదు చేసే మనిషి ఏదో ఒకటి, తరచుగా తొమ్మిదుల వరుస ఒకటి, కొట్టి ముందుకు పోతాడు. ఫలితంగా ఒకరికే రెండు రికార్డులు ఏర్పడి, ఒకదానిలో బీపీ, మరొకదానిలో కిడ్నీ జబ్బు విడివిడిగా ఉండిపోతాయి. అంతకంటే ప్రమాదం, ఇద్దరి రికార్డులు ఒకటైపోయి, పెన్సిలిన్ పడని మనిషి వివరాల్లో ఆ సంగతే మరుగున పడటం. తండ్రి పేరు, బ్లాకు నంబరు కలిపి వెతకడం ఆచరణలో కొంత మేలు, అదీ గుడిసె మారనంత కాలం.

నెట్‌వర్కు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 2017 ఆగస్టు తరువాత ఏడు లక్షలమందికి పైగా రోహింగ్యాలు చేరిన బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో, ఆ దేశ ప్రభుత్వం 2019 సెప్టెంబరు నుంచి 2020 ఆగస్టు వరకు మొబైల్ ఇంటర్నెట్‌ను కట్టడి చేసింది. కోవిడ్ తొలి నెలలు కూడా అందులోనే గడిచాయి. శిబిరంలో సిగ్నల్ లేకపోవడం ఎప్పుడూ సాంకేతిక లోపమే కానక్కరలేదు, అది ఒక ప్రభుత్వ ఉత్తర్వు కూడా కావచ్చు. అందువల్ల వివరాలను ముందు పరికరంలోనే దాచుకుని, వీలు దొరికినప్పుడు సర్వరుకు పంపే ఏర్పాటు ఇక్కడ అదనపు సౌకర్యం కాదు, కనీస అర్హత. అంటువ్యాధుల సమాచారం కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ‘ఈవార్స్’ పెట్టెలో ఫోన్లు, ల్యాప్‌టాప్, స్థానిక సర్వరుతో పాటు సౌరవిద్యుత్ సామగ్రి కూడా ఉంటుంది. దాదాపు 15,000 డాలర్ల ఆ ఒక్క పెట్టె 50 చికిత్స కేంద్రాలకు సరిపోతుందని ఆ సంస్థ అంచనా. విద్యుత్తు, నెట్‌వర్కు రెండూ ఉండవన్న ఊహతో మొదలుపెట్టిన తయారీ అది, అందుకే పనికివచ్చింది.

ఇంతకంటే బరువైన చిక్కు వేరే ఉంది. రానివాడిని వెతికి పట్టుకోగల రికార్డు, ఆ పని డాక్టరు కోసం మాత్రమే చేస్తుందన్న హామీ ఏదీ లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యుఎన్‌హెచ్‌సీఆర్, బంగ్లాదేశ్ కలిసి సేకరించిన రోహింగ్యాల వివరాలు వారి సమ్మతి సరిగా తీసుకోకుండానే, వారు ఎవరి నుంచి పారిపోయి వచ్చారో ఆ మయన్మార్ ప్రభుత్వానికి చేరాయని 2021 జూన్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ వెల్లడించింది; సమ్మతి తీసుకున్నామన్నది యుఎన్‌హెచ్‌సీఆర్ వాదన. అవి నమోదు వివరాలే గాని వైద్య రికార్డులు కావు. అయితే రెండింటికీ ఒకే గుర్తింపు నంబరు వాడితే వాటి మధ్య గోడ ఎంత పలచనో వేరే చెప్పనక్కరలేదు. 2022 జనవరిలో అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ సర్వర్లలోకి చొరబడినవారి చేతికి 5,15,000 మందికి పైగా నిర్వాసితుల, తప్పిపోయినవారి వివరాలు చిక్కాయి. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో చేరని భారతదేశంలో కూడా ఈ భయం ఊరికే పుట్టినది కాదు. హైదరాబాదు బాలాపూర్ ప్రాంతంలో తలదాచుకున్న రోహింగ్యా తల్లికి బిడ్డ టీకా కోసం పేరు చెప్పడమూ పోలీసు లెక్కలోకి ఎక్కడమూ ఒకటేనన్న అనుమానం కలిగితే, ఆమె టీకానే మానుకోవచ్చు. కనుక ఆరోగ్య కేంద్రం తన రోగికి తానే ఒక నంబరు ఇచ్చుకోవాలి, శరణార్థి కార్డు నంబరును కోరినవారి నుంచి మాత్రమే తీసుకోవాలి. దీనివల్ల జంట రికార్డులు కొన్ని పెరుగుతాయి. ఆ నష్టం భరించదగినదే.

రికార్డు నకలు రోగి దగ్గరే ఉంచడం మరో మార్గం. లెబనాన్‌లోని సిరియా శరణార్థుల కోసం బీరూట్ అమెరికన్ విశ్వవిద్యాలయం 2018లో మొదలుపెట్టిన ‘సిజిల్లీ’ కార్యక్రమంలో వివరాలు క్లౌడ్‌లో ఉంటాయి, ఇతరులు చదవలేని విధంగా ఎన్‌క్రిప్ట్ చేసిన నకలు ఒకటి యుఎస్‌బీ రూపంలో రోగి చేతికి వస్తుంది. ఆలోచన మంచిదే గాని, సరిహద్దు దాటి వెళ్లిన రోగి ఇచ్చిన యుఎస్‌బీని తన కంప్యూటరుకు తగిలించడానికి కొత్త ఊరి డాక్టరు జంకితే తప్పు పట్టలేము. మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు, చివరి పరీక్షల ఫలితాలతో ఒక్క పేజీ ముద్రించి ఇవ్వడం దానికి తోడుగా ఉండాలి. ఆ కాగితాన్ని దారిలో ఎవరైనా చదవగలరు కాబట్టి, హెచ్‌ఐవీ మందులు వాడుతున్న మనిషికి ఆ పేర్లతో ఒకటి, అవి లేకుండా మరొకటి చూపించి, ఏది వెంట ఉంచుకోవాలో ఎంచుకోనివ్వాలి. ముద్రించే ముందు ఈ ప్రశ్న అడిగే గడి ఒకటి సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలి.